మాన్యువలా, ఆటోమేటికా? ముందు ఏ ఆటోమేటికో తేల్చుకోండి

షోరూమ్‌లో అడిగితే ఒకటే మాట చెబుతారు: "ఆటోమేటిక్ ఉంది సార్, క్లచ్ తొక్కే పనే లేదు." అబద్ధం కాదు. కాకపోతే క్లచ్ పెడల్ లేని పెట్రోలు, డీజిల్ కార్లలో మన మార్కెట్లో ముఖ్యంగా నాలుగు రకాల గేరుబాక్సులు ఉన్నాయి. లోపలి యంత్రం చూస్తే ఒకదానికీ ఇంకోదానికీ పొంతనే ఉండదు. ఒకటి మాన్యువల్ కంటే యాభై వేలు ఎక్కువకు వస్తుంది, ఇంకోటి లక్షన్నర ఎక్కువకు. ఒకటి కూకట్‌పల్లి ట్రాఫిక్‌లో గంటసేపు పాకినా చలించదు, ఇంకోటి అదే ట్రాఫిక్‌లో వేడెక్కి మీటరు మీద హెచ్చరిక చూపిస్తుంది. అన్నిటినీ ఒకే గాటన కట్టి "ఆటోమేటిక్ మంచిదా, మాన్యువల్ మంచిదా" అని అడిగితే ఎవరు చెప్పే జవాబైనా సగమే నిజమవుతుంది.

కాబట్టి తేల్చుకోవాల్సినవి రెండు. మీ రోజువారీ ప్రయాణంలో క్లచ్ పెడల్ లేకపోతే నిజంగా సుఖమా? సుఖమే అయితే, మీ బడ్జెట్లో దొరికే ఆటోమేటిక్ రకం మీ రోడ్లకు తగినదేనా? మొదటిదానికి అవునని, రెండోదానికి కాదని తేలితే మాన్యువల్ కొనుక్కుని డబ్బు మిగుల్చుకోవడమే మంచిది. చాలామంది ఈ రెండో ప్రశ్న వేసుకోకుండానే బుకింగ్ అమౌంట్ కట్టేస్తారు.

ఎడమ కాలికి పడుతున్న పనెంత

దీనికి ఊహ అక్కర్లేదు. ఇప్పుడు నడుపుతున్న కారులో ట్రిప్ మీటరు సున్నా చేసి, వారం రోజులు ఆఫీసుకు వెళ్లి వచ్చి, సగటు వేగం ఎంత చూపిస్తోందో చూడండి. కారు లేకపోతే ఫోన్‌లో మ్యాప్ తెరిచి, మీరు బయల్దేరే వేళకు ఎన్ని కిలోమీటర్లకు ఎన్ని నిమిషాలు చూపిస్తోందో లెక్కేయండి. సగటున గంటకు 20 కిలోమీటర్ల లోపు పడుతోందంటే మీ ప్రయాణమంతా మొదటి, రెండో గేర్లలోనే గడిచిపోతోందని అర్థం. ఉదయం మియాపూర్ నుంచి హైటెక్ సిటీకి, సాయంత్రం పంజాగుట్ట మీదుగా దిల్‌సుఖ్‌నగర్‌కు, విజయవాడలో బెంజ్ సర్కిల్ చుట్టుపక్కల, విశాఖలో ఎన్ఏడీ, మద్దిలపాలెం దారిలో రోజూ తిరిగేవారి పరిస్థితి ఇదే. వీరికి ఆటోమేటిక్ విలాసం కింద లెక్క కాదు. ముప్పై దాటితే క్లచ్ వాడకం సగానికి సగం తగ్గిపోతుంది. ఓఆర్ఆర్ ఎక్కి దిగేవారు, కరీంనగర్, ఒంగోలు, అనంతపురం లాంటి ఊళ్లలో ఉండి నెలకు రెండుసార్లు హైవే ఎక్కేవారు క్లచ్ కోసం లక్ష రూపాయలు అదనంగా పెట్టాల్సిన అవసరం పెద్దగా లేదు.

మోకాలు, నడుము నొప్పులు ఉన్నవారికి ఈ లెక్కలేవీ వర్తించవు. ఎడమ మోకాలు అరిగిందని డాక్టరు చెప్పాక సగటు వేగం చూసుకుంటూ కూర్చోనక్కర్లేదు. నేరుగా ఏ ఆటోమేటిక్ అన్న ప్రశ్నకు వచ్చేయండి.

ఏఎంటీ: మాన్యువల్ గేరుబాక్సే, తొక్కేది మాత్రం యంత్రం

పది లక్షల లోపు ఆటోమేటిక్ అంటే ఎక్కువగా ఇదే. 2014లో మారుతి సెలేరియోతో మన దేశంలో అడుగుపెట్టింది. మారుతి దీన్ని ఏజీఎస్ అంటుంది. ఆల్టో కే10, వ్యాగన్ఆర్, స్విఫ్ట్, డిజైర్, బాలెనోలలో ఉన్నది ఇదే. టాటా టియాగో, పంచ్, హ్యుందాయ్ నియోస్, ఎక్స్‌టర్‌లలోనూ ఏఎంటీలు ఉన్నాయి.

దీని గుట్టు తెలిస్తే దీనితో గొడవ ఉండదు. కింద ఉన్నది మామూలు మాన్యువల్ గేరుబాక్సు, మామూలు క్లచ్ ప్లేటు. మీ కాలు, చెయ్యి చేసే పనిని యాక్చుయేటర్ అనే యంత్రం చేస్తుంది. కంప్యూటరు చెప్పగానే క్లచ్ విప్పుతుంది, గేరు మారుస్తుంది, మళ్లీ కలుపుతుంది. ఆ క్షణంలో ఇంజను లాగడం ఆగుతుంది కాబట్టి, ముఖ్యంగా ఒకటి నుంచి రెండో గేరుకు మారేటప్పుడు, బండి చిన్నగా తల ఊపినట్టు అవుతుంది. గట్టిగా తొక్కితే ఆ ఊపు ఎక్కువ. అలవాటైనవారు గేరు మారబోతోందని తెలియగానే యాక్సిలరేటర్ మీంచి కాలు కాస్త తేలికపరుస్తారు, ఊపు దాదాపు తెలియదు. ఓవర్‌టేక్ చేసేటప్పుడు అకస్మాత్తుగా పూర్తిగా తొక్కితే ఒక్క క్షణం ఆలోచించి గానీ గేరు దించదు. రెండు లైన్ల రోడ్డు మీద ఎదురుగా లారీ వస్తున్నప్పుడు ఆ క్షణం చాలా పొడవుగా ఉంటుంది. అందుకే ఓవర్‌టేక్‌కు ముందే లివరును ఎం (మాన్యువల్) వైపు జరిపి, ఒక గేరు మీరే దించుకుని, తర్వాత తొక్కాలి.

ఏఎంటీకి అసలు పరీక్ష పెట్టేది అపార్ట్‌మెంట్ సెల్లార్ ర్యాంపు. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చేసరికి ముందు ఒక కారు ర్యాంపు మధ్యలో ఆగుతుంది, వెనక ఇంకోటి హారన్ కొడుతుంది. బ్రేకు వదిలి యాక్సిలరేటర్ మీదికి కాలు వెళ్లేలోపు బండి వెనక్కి జారుతుంది. హిల్ హోల్డ్ ఉంటే ఒకటి రెండు సెకన్లు పట్టి ఉంచుతుంది. చాలా ఏఎంటీల్లో ఇప్పుడు ఇస్తున్నారు గానీ, మీరు కొనే వేరియంట్‌లో ఉందో లేదో అడిగి తెలుసుకోండి. జారుతుందన్న భయంతో చాలామంది చేసేది ఏమిటంటే, బ్రేకు వదిలేసి యాక్సిలరేటర్‌ను సగం తొక్కి బండిని ఎక్కుడు మీద అలాగే నిలబెడతారు. మాన్యువల్‌లో హాఫ్ క్లచ్ మీద నిలబెట్టడం ఎంత తప్పో ఇదీ అంతే తప్పు. క్లచ్ ప్లేటు రాసుకుంటూ వేడెక్కుతుంది, కాలిన వాసన వస్తుంది, రోజూ ఇదే జరిగితే లక్ష కిలోమీటర్లు రావాల్సిన ప్లేటు ముప్పై నలభై వేలకే చేతులెత్తేస్తుంది. ర్యాంపు మీద ఆగాల్సి వస్తే హ్యాండ్ బ్రేకు వేయండి. కదలాల్సినప్పుడు కాస్త తొక్కి, బండి ముందుకు లాగుతున్నట్టు అనిపించగానే హ్యాండ్ బ్రేకు వదలండి.

ఇంకో సంగతి చాలామందికి డెలివరీ రోజు గానీ తెలియదు: మారుతి ఏజీఎస్‌లో 'పి' (పార్క్) ఉండదు. ఆర్ (రివర్స్), ఎన్ (న్యూట్రల్), డి (డ్రైవ్), ఎం అంతే. పార్క్ చేసేటప్పుడు గేరులోనే ఉంచి ఇంజను ఆపి హ్యాండ్ బ్రేకు వేయాలి, మాన్యువల్ బండిని గేరులో వదిలినట్టే. ఎన్‌లో వదిలి, హ్యాండ్ బ్రేకు సగమే లాగి వెళ్లిపోతే వాలులో బండి తనంత తాను ప్రయాణం మొదలెడుతుంది.

ఏఎంటీలో క్లచ్ మార్చాల్సి వస్తే ఖర్చు మాన్యువల్ కంటే మరీ ఎక్కువ కాదు. కానీ మార్చాక స్కానర్ పెట్టి, క్లచ్ ఎక్కడ పట్టుకుంటుందో కంప్యూటరుకు మళ్లీ నేర్పాలి. ఈ కాలిబ్రేషన్ చేయకుండా ప్లేటు మార్చి పంపేస్తే బండి మొదటి గేరులో దడదడలాడుతుంది. మీ ఊళ్లో మెకానిక్ దగ్గర ఆ స్కానర్ ఉందా అన్నది కొనకముందే కనుక్కోవాల్సిన విషయం.

తక్కువ ఖర్చు, మంచి మైలేజీ, పాకుతూ పోయే ట్రాఫిక్ మీ అవసరమైతే, ఊపు మీకు ఇబ్బంది కాకపోతే, ఏఎంటీ న్యాయమైన బేరం. సాఫీగా సాగే ప్రయాణం కావాలని దీన్ని కొంటే మాత్రం నిరాశే.

సీవీటీ

ఇందులో గేర్లు ఉండవు. రెండు కప్పీల మధ్య ఉక్కు బెల్టు తిరుగుతుంది, కప్పీలు వెడల్పు మార్చుకుంటూ నిష్పత్తిని మారుస్తాయి. హోండా అమేజ్, సిటీ, ఎలివేట్, హ్యుందాయ్ ఐ20, క్రెటా పెట్రోలు, నిస్సాన్ మాగ్నైట్ టర్బోలలో ఉన్నది ఇదే. క్రెటా, ఐ20లలో ఐవీటీ అంటారు. సిటీ ట్రాఫిక్‌లో దీనికి సాటి లేదు. కుదుపు అన్నదే తెలియదు. చిన్న పిల్లలు, పెద్దవాళ్లు వెనక కూర్చునే ఇళ్లకు దీన్నే ముందు చూడమంటాం.

గట్టిగా తొక్కినప్పుడు మాత్రం ఇంజను ఒక్కసారిగా గోల చేస్తుంది, వేగం మాత్రం నెమ్మదిగా వస్తుంది. హైవే మీద పరుగెత్తించే అలవాటున్నవారికి ఇది చిరాకు తెప్పిస్తుంది. ఆయిల్ విషయంలో ఇది పట్టింపు ఎక్కువున్న యంత్రం. సీవీటీకి ప్రత్యేకమైన ఆయిల్ ఉంటుంది, అందులోనూ కంపెనీ చెప్పిన గ్రేడే పోయాలి. మామూలు ఆటోమేటిక్ ఆయిల్ పోస్తే బెల్టుకు పట్టు చాలదు, జారడం మొదలవుతుంది, కప్పీల మీద గీతలు పడతాయి. ఆ తర్వాత రిపేరు అంటూ ఉండదు, గేరుబాక్సే మార్చమంటారు.

టార్క్ కన్వర్టర్

పాత కాలపు ఆటోమేటిక్, ఇప్పటికీ నమ్మకానికి మారుపేరు. ఇంజనుకూ గేరుబాక్సుకూ మధ్య క్లచ్ ప్లేటు బదులు ఆయిల్ ద్వారా శక్తి అందుతుంది. రాసుకుని అరిగే ప్లేటు మీద భారం లేకపోవడం వల్ల ట్రాఫిక్‌లో గంటల తరబడి పాకినా, ఎక్కుడు మీద పదేపదే ఆగి కదిలినా దీనికి లెక్క లేదు. బ్రేజా, ఎర్టిగా, గ్రాండ్ విటారాలలో 6 స్పీడ్, మహీంద్రా స్కార్పియో ఎన్, ఎక్స్‌యూవీ700, క్రెటా డీజిల్, వోక్స్‌వాగన్, స్కోడాల 1.0 టర్బో కార్లు దీని కిందికే వస్తాయి. మాన్యువల్ కంటే లక్ష నుంచి లక్షన్నర వరకు ఎక్కువ పెట్టాలి. డీజిల్ పెద్ద కార్లలో మైలేజీ కూడా కాస్త తగ్గుతుంది.

ఎక్కువ కాలం ఉంచుకునేవారికి, ఏడుగురితో, సామానుతో ఘాట్లు ఎక్కేవారికి మా ఓటు దీనికే. దీని మీద చెప్పాల్సిన ఫిర్యాదులు తక్కువ కాబట్టి ఇక్కడితో ఆపుదాం.

డీసీటీ: పరుగుకు రాజు, ట్రాఫిక్‌కు కాదు

రెండు క్లచ్‌లు ఉంటాయి. ఒకటి బేసి గేర్లకు, ఇంకోటి సరి గేర్లకు. మీరు మూడులో ఉండగానే నాలుగు సిద్ధంగా ఉంటుంది కాబట్టి గేరు మారడం రెప్పపాటు పని. హైవే మీద దీన్ని నడిపినవారికి మిగతావి నచ్చవు.

చూడాల్సింది క్లచ్‌లు డ్రై రకమా, వెట్ రకమా అన్నది. వెట్ రకంలో ప్లేట్లు ఆయిల్‌లో మునిగి చల్లబడతాయి. టాటా ఆల్ట్రోజ్, నెక్సాన్‌ల డీసీఏ (డీసీటీకి టాటా పెట్టిన పేరు) ఈ రకం. డ్రై రకంలో గాలే దిక్కు. వోక్స్‌వాగన్, స్కోడా 1.5 టర్బో కార్లలోని 7 స్పీడ్ డీఎస్‌జీ (డీసీటీకి వాళ్ల పేరు), హ్యుందాయ్, కియా టర్బో పెట్రోలు కార్లలోని 7 స్పీడ్ డీసీటీ డ్రై రకాలే. మే నెలలో, ఏసీ ఫుల్‌గా పెట్టుకుని, అడుగు అడుగునా ముందు కారు వెనక పాకితే డ్రై క్లచ్‌లు మాటిమాటికీ సగం పట్టుకుని రాసుకుంటాయి, వేడెక్కుతాయి. అప్పుడు మీటరులో హెచ్చరిక వస్తుంది. దాన్ని పట్టించుకోకుండా పోతే బండి దానంతటదే శక్తి తగ్గించుకుంటుంది. హెచ్చరిక వస్తే పక్కకు తీసి, పిలో పెట్టి, ఇంజను నడుస్తుండగానే కొన్ని నిమిషాలు చల్లారనివ్వాలి. ముందు కారుకు ఒక బండి పొడవు ఖాళీ వదిలి, ఆ ఖాళీ ఏర్పడ్డాక ఒక్కసారిగా కదిలితే ఈ బాధ చాలావరకు రాదు. అంగుళం అంగుళం జరపడమే దానికి శత్రువు. హైదరాబాద్‌లో ఖాళీ వదిలితే మధ్యలో ఆటో దూరుతుంది, అది వేరే సంగతి.

వారంటీ ఉన్నంతకాలం ధైర్యంగా నడపొచ్చు. వారంటీ దాటాక క్లచ్ సెట్టో, వాటిని నడిపే కంట్రోల్ యూనిట్టో పోతే బిల్లు లక్ష రూపాయల స్థాయికి పోతుంది. డీసీటీ కొంటే ఎక్స్‌టెండెడ్ వారంటీ తప్పనిసరి ఖర్చుగా లెక్కలో వేసుకోండి.

ఇవి కాక ఐఎంటీ అని ఒకటి ఉంది. 2020లో వెన్యూతో వచ్చింది. క్లచ్ పెడల్ ఉండదు, గేర్లు మాత్రం మీరే మార్చాలి. కాలి నొప్పికి మందు, చేతికి కాదు. ఇక టొయోటా హైరైడర్, గ్రాండ్ విటారా స్ట్రాంగ్ హైబ్రిడ్‌లలోని ఈ-సీవీటీలో బెల్టు, కప్పీలు ఉండవు. పేరు కలిసింది కదా అని మామూలు సీవీటీతో పోల్చకూడదు. ట్రాఫిక్‌లో అది చాలావరకు బ్యాటరీ మీదే నడుస్తుంది. బడ్జెట్ ఉంటే సిటీకి అదే పైమెట్టు. ఎలక్ట్రిక్ కార్లు ఎలాగూ ఒకే గేరు, అక్కడ ఈ ప్రశ్నే పుట్టదు.

మైలేజీ భయం పాతది

ఆటోమేటిక్ అంటే పెట్రోలు తాగుతుందన్న మాట ఇరవై ఏళ్ల కిందటి కార్లకు చెల్లేది. కంపెనీలు ప్రకటించిన లెక్కలే చూడండి. 2024 స్విఫ్ట్ మాన్యువల్ లీటరుకు 24.80 కిలోమీటర్లు, ఏజీఎస్ 25.75. అదే ఏడాది వచ్చిన అమేజ్ మాన్యువల్ 18.65, సీవీటీ 19.46. క్రెటా 1.5 పెట్రోలు మాన్యువల్ 17.4, ఐవీటీ 17.7. తేడా కనిపించేది క్రెటా డీజిల్‌లో: మాన్యువల్ 21.8, ఆటోమేటిక్ 19.1.

పరీక్ష కేంద్రం అంకెలు రోడ్డు మీద ఎవరికీ రావు, అది ఇద్దరికీ సమానమే. రోడ్డు మీద ఆటోమేటిక్ లీటరుకు ఒక కిలోమీటరు తక్కువిచ్చిందనే అనుకుందాం. ఏడాదికి పది వేల కిలోమీటర్లు, 15 బదులు 14. దాదాపు 48 లీటర్లు ఎక్కువ. లీటరు 107 రూపాయల లెక్కన ఐదు వేల పైచిలుకు. దీని కోసం నిర్ణయం మార్చుకోనక్కర్లేదు.

అసలు తేడా కొనే రోజునే పడుతుంది, అదీ ఎవరూ చూడని చోట. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ లైఫ్ ట్యాక్స్ కారు ధరను బట్టి స్లాబుల్లో ఉంటుంది, పది లక్షల దగ్గర ఒక గీత ఉంది. మాన్యువల్ ధర 9.40 లక్షలు, అదే వేరియంట్ ఆటోమేటిక్ 10.10 లక్షలు అయితే, మీకు తేడా 70 వేలు కనిపిస్తుంది. కానీ గీత దాటగానే పెరిగిన శాతం మొత్తం ధర మీద పడుతుంది, దాటిన పది వేల మీద మాత్రమే కాదు. మూడు శాతం పెరిగిందనుకున్నా పది లక్షల మీద 30 వేలు అదనం. దాని మీద ఇన్సూరెన్స్, లోను వడ్డీ. అందుకని ఎక్స్ షోరూమ్ ధరలు పోల్చకుండా, రెండు వేరియంట్లకూ ఆన్‌రోడ్ కొటేషన్ రాయించుకుని పక్కపక్కన పెట్టండి. గీతకు అటూ ఇటూ ఉన్నప్పుడు ఒక మెట్టు తక్కువ వేరియంట్‌లో ఆటోమేటిక్ తీసుకోవడం తెలివైన పని. సన్‌రూఫ్ పోతే పోనివ్వండి.

మాన్యువల్‌కు ఖర్చే లేదనుకోవడం కూడా తప్పు. ట్రాఫిక్‌లో కాలు క్లచ్ మీద ఆనించి నడిపేవారికి ప్రెషర్ ప్లేటు, క్లచ్ ప్లేటు, రిలీజ్ బేరింగు నలభై యాభై వేల కిలోమీటర్లకే మార్చాల్సి వస్తుంది. చిన్న పెట్రోలు కారుకు కూలితో కలిపి పది వేలకు అటూ ఇటూ అవుతుంది. డీజిల్ ఎస్‌యూవీల్లో క్లచ్‌కు ఆనుకుని ఉండే డ్యుయల్ మాస్ ఫ్లైవీల్ అనే బరువైన చక్రం కూడా పోతే దానికి కొన్ని రెట్లు.

ఘాట్ రోడ్డు మీద

ఆటోమేటిక్‌లు ఘాట్లు ఎక్కవన్నది అపోహ. ఎక్కడంలో ఇబ్బంది లేదు, జాగ్రత్త అంతా దిగడంలో. తిరుమల కొండ దిగే పాత ఘాట్, అరకు నుంచి అనంతగిరి మీదుగా దిగే దారి, శ్రీశైలం నుంచి దోర్నాల వైపు, మారేడుమిల్లి నుంచి చింతూరు వైపు, ఎక్కడైనా సూత్రం ఒక్కటే. మాన్యువల్‌లో ఏ గేరులో ఎక్కుతారో ఆ గేరులోనే దిగండి. ఆటోమేటిక్‌ను డిలో వదిలేస్తే వేగం పెరిగేకొద్దీ అది పైగేరుకు పోతుంది, ఇంజను పట్టు తగ్గుతుంది, భారమంతా బ్రేకుల మీద పడుతుంది. ప్యాడ్లు కాలిన వాసన వచ్చిందంటే ఆలస్యమైనట్టే. ఆ తర్వాత ఎంత తొక్కినా బండి నెమ్మదించదు.

దిగుడు మొదలవకముందే ఏఎంటీ, డీసీటీ, 6 స్పీడ్ కార్లలో ఎం మోడ్‌కు వెళ్లి రెండో గేరులో పెట్టండి. సీవీటీ అయితే ఎల్ (లో) లేదా ఎస్ (స్పోర్ట్). బ్రేకు నొక్కి పట్టి ఉంచకుండా, మలుపుకు ముందు గట్టిగా ఒకసారి నొక్కి వదలాలి. పెట్రోలు ఆదా అవుతుందని దిగుడులో ఎన్‌లో వదలడం రెండు రకాల కార్లలోనూ ప్రాణాంతకం. నిజానికి ఆదా కూడా కాదు. గేరులో దిగుతుంటే ఇప్పటి ఇంజన్లు పెట్రోలు పంపడమే ఆపేస్తాయి, ఎన్‌లో ఉంటే ఐడిల్‌కు తాగుతూనే ఉంటాయి.

రెండు కాళ్ల సమస్య

మాన్యువల్ నుంచి మారినవారు మొదటి నెలలో చేసే ప్రమాదకరమైన పని ఎడమ కాలితో బ్రేకు తొక్కడం. క్లచ్‌ను పూర్తిగా తొక్కే అలవాటున్న కాలు బ్రేకును కూడా అలాగే తొక్కుతుంది, బండి ఉన్నచోటే ఆగిపోతుంది, వెనక బండి వచ్చి గుద్దుతుంది. అంతకంటే ఘోరం సెల్లార్‌లో జరుగుతుంది. డిలో పెట్టి బ్రేకు వదిలితే బండి తానే మెల్లగా పాకుతుంది. కంగారులో బ్రేకు అనుకుని యాక్సిలరేటర్ తొక్కితే ఎదుటి గోడే ఆపాలి. మాన్యువల్‌లో అయితే క్లచ్ తొక్కితే ఇంజను లాగుడు చక్రాలకు అందేది కాదు, ఇక్కడ ఆ రక్షణ లేదు.

మందు తేలిక. ఎడమ కాలు డెడ్ పెడల్ (ఎడమ పక్కన పాదం ఆనించే మెట్టు) మీద పెట్టి అక్కడే మరిచిపోండి. కుడి మడమ బ్రేకు ఎదురుగా నేలకు ఆనించి ఉంచి, యాక్సిలరేటర్‌కు పాదాన్ని తిప్పండి, మడమ ఎత్తవద్దు. పార్కింగులో యాక్సిలరేటర్ ముట్టుకోకుండా, బ్రేకు వదులుతూ పట్టుకుంటూ ఆ పాకుడుతోనే బండిని జరపండి. ఇంట్లో పెద్దాయనకు డెబ్బై దాటి, నలభై ఏళ్లు మాన్యువల్ నడిపి ఉంటే, ఖాళీ మైదానంలో రెండు మూడు ఆదివారాలు అలవాటు చేయించాకే రోడ్డెక్కనివ్వండి. అప్పుడప్పుడు పిలిచే డ్రైవరును కూడా ఆటోమేటిక్ నడిపారా అని అడిగే తాళం ఇవ్వండి.

పి ఉన్న కార్లలో వాలు మీద ఆపేటప్పుడు వరస ముఖ్యం. బ్రేకు నొక్కి ఎన్‌లో పెట్టి, హ్యాండ్ బ్రేకు లాగి, కాలు కాస్త వదిలి బండి బరువు హ్యాండ్ బ్రేకు మీద కూర్చున్నాక మళ్లీ బ్రేకు నొక్కి పిలో పెట్టండి. నేరుగా పిలో పెట్టి వదిలేస్తే బరువంతా లోపలి చిన్న పన్ను మీద వేలాడుతుంది. మర్నాడు గేరు తీసేటప్పుడు ఠక్కుమని వినిపించే శబ్దం అదే.

మాన్యువల్ దగ్గరే ఆగాల్సినవారు

సీఎన్‌జీ కావాలంటే దాదాపు మాన్యువలే గతి. టాటా టియాగో లాంటి కొన్నిటిలో మాత్రమే సీఎన్‌జీతో ఏఎంటీ వస్తుంది. ఏడాదికి ఐదారు వేల కిలోమీటర్లే తిరిగేవారు, పొలం గట్ల వెంట, వానాకాలం బురద దారుల్లో నడిపేవారు, సర్వీస్ సెంటరు వంద కిలోమీటర్ల దూరంలో ఉన్నవారు కూడా మాన్యువలే తీసుకోండి. బురదలో చక్రం తిరుగుతుంటే ముందుకు వెనక్కి ఊపి బయటపడేయడానికి హాఫ్ క్లచ్‌ను మించిన పనిముట్టు లేదు. బ్యాటరీ దిగిపోతే నలుగురు తోసి స్టార్ట్ చేయగలిగేదీ మాన్యువల్‌నే. టార్క్ కన్వర్టర్, సీవీటీ కార్లు ఆగిపోతే తాడు కట్టి లాక్కెళ్లకూడదు. ఇంజను తిప్పే చక్రాలు నేల మీద తిరుగుతుంటే లోపల ఆయిల్ పంపు నడవక గేరుబాక్సు కాలిపోతుంది. ఫ్లాట్‌బెడ్ బండి మీదికి ఎక్కించాల్సిందే, వానకు మునిగిన కాలనీలోంచి అయినా సరే. కొన్ని కార్లలో ఎంపికే ఉండదు. ఇన్నోవా క్రిస్టా డీజిల్ మాన్యువల్ మాత్రమే, హైక్రాస్ ఆటోమేటిక్ మాత్రమే.

నేర్చుకునేవారికి ఒక మాట. మన లైసెన్సులో కారుకు ఎల్ఎంవి ఒకటే, మాన్యువల్, ఆటోమేటిక్ అని వేరు చేయరు. బ్రిటన్‌లో అలా కాదు. ఆటోమేటిక్ మీద పరీక్ష పాసైతే ఆటోమేటిక్‌కే లైసెన్సు ఇస్తారు. చదువుకో ఉద్యోగానికో అటు వెళ్లే ఆలోచన ఉన్న పిల్లలకు ఇక్కడే మాన్యువల్ నేర్పించి పంపండి. అమెరికాకైతే ఆ బెంగ లేదు.

టెస్ట్ డ్రైవ్, సెకండ్ హ్యాండ్

షోరూమ్ వాళ్లు తిప్పే ఖాళీ రోడ్డు మీద అన్ని కార్లూ బాగానే ఉంటాయి. మీరే వేళ చెప్పండి, సాయంత్రం ఆరుకు ఇంటికి తెప్పించుకోండి. కుటుంబంలో ముగ్గురిని ఎక్కించుకుని, ఏసీ వేసి, మీ సెల్లార్ ర్యాంపు సగంలో ఆపి మళ్లీ కదపండి. ఎంత వెనక్కి జారిందో చూడండి. యూటర్న్ దగ్గర ముందుకు, వెనక్కి మూడు నాలుగుసార్లు డి, ఆర్ మార్చండి. వేసిన తర్వాత బండి పట్టుకోవడానికి ఎంతసేపు పడుతోందో గమనించండి. 40లో వెళ్తూ ఒక్కసారిగా పూర్తిగా తొక్కండి. ఆ తర్వాత అదే దారిలో మాన్యువల్ కూడా నడపండి. దాని క్లచ్ తేలికగా ఉంటే ఆటోమేటిక్ అవసరమే లేదనిపించవచ్చు.

పాత కారు కొంటుంటే ఇంజను చల్లగా ఉండగానే వెళ్లండి. ముందే వేడి చేసి ఉంచితే లోపాలు దాక్కుంటాయి. మాన్యువల్‌లో హ్యాండ్ బ్రేకు గట్టిగా లాగి, మూడో గేరులో పెట్టి మెల్లగా క్లచ్ వదలండి. ఇంజను వెంటనే ఆగిపోతే క్లచ్ బాగున్నట్టు, మూలుగుతూ తిరుగుతూనే ఉంటే జారుతున్నట్టు. ఒక్కసారి చాలు, పదేపదే చేస్తే మంచి క్లచ్ కూడా కాలుతుంది. ఏఎంటీ అయితే మొదటి గేరులో కదిలేటప్పుడు దడ ఉందేమో చూడండి, స్కానర్‌లో క్లచ్ అరుగుదల చూపించమనండి. టార్క్ కన్వర్టర్, సీవీటీలలో గేరుబాక్సు ఆయిల్ మార్చిన బిల్లులు అడగండి. "లైఫ్‌టైమ్ ఆయిల్, మార్చక్కర్లేదు" అంటే ఆ మాటను వారంటీ దాటిన బండి విషయంలో నమ్మకండి. ఆయిల్ నల్లబడి కాలిన వాసన వస్తుంటే బేరం ఆడాల్సిన పని కూడా లేదు, లేచి వచ్చేయండి. వారంటీ అయిపోయిన డ్రై క్లచ్ డీసీటీ ఎంత చవగ్గా వచ్చినా, లక్ష రూపాయలు పక్కన పెట్టుకునే ఉద్దేశం లేకపోతే దాని జోలికి వెళ్లకండి. ఏ ఆటోమేటిక్ అయినా సీటు పట్టాల కింద తుప్పు, కార్పెట్ కింద మట్టి కనిపిస్తే అది వరద నీళ్లు తాగిన బండి. గేరుబాక్సు కంప్యూటరులోకి నీళ్లు వెళ్లి ఉంటే ఏ వానకు ఆగుతుందో చెప్పలేం.